ఒక లైను, ఎనిమిది కంప్యూటర్లు: పశ్చిమ మాంబళం స్కానింగు గదిలో ఇంటర్నెట్ పంపకం

జూన్ మొదటి వారం

చెన్నై పశ్చిమ మాంబళంలోని ఈ మేడ మీద రెండు పనులు ఒకే ఇంటర్నెట్ లైను మీద నడుస్తున్నాయి. ఒక గదిలో, ఒకప్పుడు చెన్నపట్నం అచ్చుకూటాల్లో అచ్చయి ఇప్పుడు ముట్టుకుంటే అంచులు రాలిపోతున్న తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, దూరాన ఉన్న సర్వరుకు పంపిస్తున్నారు. పక్క గదిలో సాయంత్రం పూట ఒక టీచరమ్మగారు, బడిలో తెలుగు నేర్చుకునే వీలు లేని పిల్లలకు వీడియో కాల్ మీద అక్షరాలు, పద్యాలు నేర్పుతున్నారు. స్కానర్లకు తగిలించినవి రెండు, ప్రూఫులు దిద్దేవారివి నాలుగు, పాఠాలకు ఒకటి, ఫైళ్లు దాచడానికి ఒకటి, వెరసి ఎనిమిది కంప్యూటర్లు. లైను వేగం డౌన్‌లోడుకు సెకనుకు 50 మెగాబిట్లు, అప్‌లోడుకు 10.

"పిల్లవాడు పద్యం ఎత్తుకుంటాడు బాబూ, రెండో పాదం సగంలో గొంతు మాయమవుతుంది, మళ్లీ వినబడేసరికి నాలుగో పాదంలో ఉంటాడు. తప్పు చదివాడో ఒప్పు చదివాడో నేను దిద్దేదెట్లా?" అని టీచరమ్మగారు అడిగిన మీదట ఈ పని నా చేతికి వచ్చింది. సంస్థ వ్యవహారాలు చూసే మాస్టారు ఇంకా పెద్ద ప్లానుకు మారిపోదామన్నారు. డబ్బు పెట్టే ముందు లైను నిజంగా చాలడం లేదో, ఉన్నదాన్ని పంచే తీరులోనే లోపముందో కొలిచి తేల్చుకుందామని కోరాను. ఆయన ఒప్పుకున్నారు.

కొలిచే పద్ధతి సాదాసీదాది. ఒక కంప్యూటరులో ప్రొవైడరు వారి మొదటి గేట్‌వేకి (మన లైను వారి నెట్‌వర్క్‌లో మొదట చేరే పరికరానికి) పింగ్ పెట్టి వదిలేసి (పింగ్ అంటే చిన్న ప్యాకెట్, అంటే డేటా ముక్క, పంపి దానికి జవాబు రావడానికి పట్టే సమయాన్ని కొలవడం), రెండో కంప్యూటరు నుంచి పెద్ద ఫోల్డరు ఒకటి అప్‌లోడుకు పెట్టాలి. లైను ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 5 నుంచి 8 మిల్లీసెకన్ల మధ్య నిలకడగా ఉంది. అప్‌లోడు మొదలయ్యాక తెర మీద ఒక్కో వరుసా పెరుగుతూ 40, 130, 310, 560 అయి, 700 దాటాక అక్కడే నిలబడిపోయింది. అప్‌లోడు ఆపిన సెకను, రెండు సెకన్లలో మళ్లీ 7కి దిగింది. ఈ మొత్తం సమయంలో ఒక్క పింగ్ ప్యాకెట్ కూడా దారిలో తప్పిపోలేదు. అంటే లైను తెగడం లేదు, ప్యాకెట్లు తప్పిపోవడం లేదు, అన్నీ చేరుతున్నాయి. కాకపోతే ముక్కాలు సెకను ఆలస్యంగా చేరుతున్నాయి. ఫోను సంభాషణల నాణ్యతకు సంబంధించిన అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటియు వారి జి.114 సిఫారసు ఒక వైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటుంది. మన టీచరమ్మగారి గొంతు పిల్లల వైపు దానికి నాలుగైదు రెట్ల జాప్యంతో ప్రయాణిస్తోంది.

జూన్ రెండో వారం

ఆ 700 మిల్లీసెకన్లు ఎక్కడ దాక్కున్నాయో లెక్క కడితే తెలుస్తుంది. సెకనుకు 10 మెగాబిట్లు పోయే దారిలో 0.7 సెకను ఆలస్యమంటే, ముందు 7 మెగాబిట్లు, అంటే దాదాపు 8,75,000 బైట్లు వరుసలో నిలిచి ఉన్నాయన్నమాట. ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల చొప్పున అది 580 ప్యాకెట్ల పైచిలుకు. ఈ వరుస గోడకు తగిలించిన మోడెమ్ లోపల, అప్‌లోడు దారి ఇరుకయ్యే చోట పేరుకుంటోంది. పద్యం చదివే పిల్లవాడికి టీచరమ్మగారు "మళ్లీ చెప్పు నాన్నా" అంటే, ఆ మాటను మోసే చిన్న ప్యాకెట్ స్కాన్ బొమ్మల ప్యాకెట్లు 580 దాటుకుని పోవాలి.

మోడెమ్ అంత వరుసను ఎందుకు పేర్చుకుంటుంది? దీనికి కొంత చరిత్ర ఉంది, అది తెలిస్తే తరువాత చేసిన పని ఎందుకు చేశామో సులువుగా అర్థమవుతుంది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, కొన్ని వందల గజాల దూరంలోనే, వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ అనుభవం తరువాత వాన్ జేకబ్‌సన్ ప్రతిపాదించిన మార్పులతో టిసిపి, అంటే ఇంటర్నెట్ మీద డేటా రవాణాను నడిపే నియమావళి, ఒక మర్యాద నేర్చుకుంది. ప్యాకెట్లు చేరుతున్నంత కాలం వేగం పెంచుకుంటూ పోతుంది, ఒకటి తప్పిపోయిందని తెలియగానే తగ్గించుకుంటుంది. ఇప్పటికీ చాలా డేటా ఈ మర్యాదతోనే నడుస్తోంది. అయితే తరువాతి కాలంలో మెమొరీ చవకై, పరికరాల తయారీదారులు ప్యాకెట్ ఒక్కటి కూడా తప్పిపోకూడదన్న ఉద్దేశంతో పెద్ద పెద్ద బఫర్లు (ప్యాకెట్లు వరుసలో వేచి ఉండే నిల్వ చోట్లు) పెట్టసాగారు. ప్యాకెట్ తప్పిపోతేనే గాని టిసిపికి ఇరుకు తెలియదు. బఫరు నిండితేనే గాని ప్యాకెట్ తప్పిపోదు. అందువల్ల పెద్ద అప్‌లోడు ఏది మొదలైనా ముందు బఫరు మొత్తం నింపి కూర్చుంటుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న జిమ్ గెటిస్ 2010లో తన ఇంటి లైను మీదే దీన్ని గమనించి, బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. అసలు ఈ ప్రమాదాన్ని జాన్ నేగల్ 1985లోనే ఆర్‌ఎఫ్‌సి 970 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో చర్చించారు. నిల్వ చోటు ఎంత ఉన్నా, అనంతంగా ఉన్నా, రద్దీ సమస్య తీరదని చూపించి, ఒక్కో కంప్యూటరుకు ఒక్కో వరుస పెట్టి వంతులవారీగా పంపాలని అందులో సూచించారు. మేం ఈ మేడ మీద పెట్టబోయేది మూలంలో ఆ ఆలోచనే.

కొలతల్లో ఇంకో సంగతి బయటపడింది. అప్‌లోడు నిండుగా నడుస్తున్నప్పుడు డౌన్‌లోడు వేగం కూడా 47 నుంచి 20 లోపుకు పడిపోతోంది. డౌన్‌లోడు దారిలో రద్దీ ఏమీ లేదు. కాని వచ్చిన ప్రతి రెండు ప్యాకెట్లకూ ఒక అందినట్టు కబురు వెనక్కి పోవాలి. సెకనుకు 50 మెగాబిట్లు దిగుమతి కావాలంటే సుమారు 2,000 కబుర్లు, అంటే దాదాపు 1 మెగాబిట్, అప్‌లోడు దారిన పోవాలి. అవి కూడా ఆ 580 ప్యాకెట్ల వెనకే నిలబడుతున్నాయి. ప్రూఫులు దిద్దేవారు "పేజీ తెరుచుకోవడం లేదు" అన్నదీ, టీచరమ్మగారు "గొంతు మాయమవుతోంది" అన్నదీ రెండు ఫిర్యాదులు కావు, ఒకటే.

జూన్ మూడో వారం

మాస్టారు ఒక సూచన చేశారు. "ఎనిమిదిమందికీ సమానంగా కోసి ఇచ్చేయండి, ఎవరి వాటా వాళ్లది, తగువుండదు." చాలా చిన్న ఆఫీసుల్లో చేసేది ఇదే. రౌటరులో ఒక్కో కంప్యూటరుకు ఇంత వేగమని హద్దు రాసేస్తారు. దీన్ని కాదనడానికి ముందు కాగితం మీద లెక్క వేసి మాస్టారికి చూపించాను.

మామూలు పుస్తకం పేజీని, ఎ5 కొలతలో, 400 డిపిఐ (అంగుళానికి 400 చుక్కలు) రంగుల్లో స్కాన్ చేసి కుదించకుండా టిఫ్ అనే బొమ్మ ఫైలుగా దాస్తే ఒక్కో పేజీ 23 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకం 7 గిగాబైట్ల దగ్గరకు వస్తుంది. 10 మెగాబిట్ల అప్‌లోడు మొత్తం దొరికితే అది గంటన్నరలో వెళ్లిపోతుంది. ఎనిమిదో వంతు, అంటే 1.25 మెగాబిట్లు మాత్రమే ఇస్తే పన్నెండు గంటలకు పైగా పడుతుంది. రాత్రంతా మిగతా ఏడు కంప్యూటర్లు నిద్రపోతున్నా ఆ ఏడు వాటాలు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. ఇంకోవైపు వీడియో పాఠానికి అప్‌లోడులో ఒకటిన్నర నుంచి రెండు మెగాబిట్లు కావాలి, 1.25 వాటా దానికీ చాలదు. అంటే ఈ కోత వల్ల స్కానింగుకూ నష్టమే, పాఠానికీ నష్టమే.

నా దృష్టిలో న్యాయమైన పంపకం వేరు. ఎవరూ వాడనప్పుడు ఒక్కరే మొత్తం వాడుకోవాలి. ఇంకొకరికి అవసరం వచ్చిన క్షణంలో, ఎవరూ ఎవరినీ అడగనక్కర లేకుండా, సమాన వంతుకు తగ్గాలి. చిన్న ప్యాకెట్ ఏదీ పెద్ద ఫైలు వెనక నిలబడకూడదు. మాస్టారు లెక్క చూసి, "సరే, అట్లా పంచే యంత్రముంటే పెట్టండి" అన్నారు.

జూన్ చివర

అలా పంచాలంటే ముందు వరుస మన చేతిలోకి రావాలి. మోడెమ్ లోపల పేరుకునే వరుసను మనం సర్దలేము, దాని సెట్టింగుల్లో ఆ వీలు లేదు. అందుకని మోడెమ్‌కు ముందు మన రౌటరు పెట్టి, మోడెమ్ పంపగలిగిన దానికన్నా కాస్త తక్కువ వేగంతో దానికి అందించాలి. అప్పుడు మోడెమ్‌లో వరుస పేరుకోదు. పేరుకునేదేదో మన రౌటరులోనే పేరుకుంటుంది, అక్కడ దాన్ని మనకు కావలసినట్టు సర్దుకోవచ్చు. వేగంలో కొంచెం వదులుకుని అధికారం తెచ్చుకోవడమన్నమాట.

ప్రొవైడరు వారిని అడిగి మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు దాటించే స్థితిలో, పెట్టించాము. ఇప్పుడు ప్రొవైడరుకు పేరు, పాస్‌వర్డు చెప్పి లైను తెరిచే పిపిపిఒఇ లాగిన్ మన రౌటరే చేస్తుంది. మూలనున్న పాత డెస్క్‌టాప్‌కు రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించి రౌటరుగా వాడవచ్చని స్కానింగు చూసే తమ్ముడు అన్నాడు. పని జరుగుతుంది గాని, అది 40 వాట్లు వాడుతూ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 29 యూనిట్ల కరెంటు. అదే పని 10 వాట్ల లోపు వాడే చిన్న రౌటరు చేస్తుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే రౌటరు సాఫ్ట్‌వేరు ఎక్కించుకోగల, రెండు కోర్ల ఎఆర్‌ఎం ప్రాసెసరున్న రౌటరు ఒకటి తీసుకున్నాము. 60 మెగాబిట్ల మొత్తానికి దాని శక్తి ధారాళంగా సరిపోతుంది.

జూలై మొదటి వారం

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో ఈ పనికి ఎస్‌క్యూఎమ్ అనే ప్యాకేజీ ఉంది. వరుసను సర్దే పద్ధతుల్లో రెండు ముఖ్యమైనవి: ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్. మొదటిదానికి ఆధారమైన కోడెల్‌ను క్యాథలీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ 2012లో ప్రకటించారు. వరుస ఎంత పొడవుందన్నది అది చూడదు. ఒక్కో ప్యాకెట్ వరుసలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఎడతెగకుండా ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైన ఉంటే ఒక ప్యాకెట్‌ను పారేసి, పంపేవారికి తగ్గమని సంకేతమిస్తుంది. మన 10 మెగాబిట్ల లైను మీద 1500 బైట్ల ప్యాకెట్ బయటికి పోవడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, 5 మిల్లీసెకన్లంటే నాలుగు ప్యాకెట్ల వరుస. 580 ఎక్కడ, నాలుగు ఎక్కడ! ఎఫ్‌క్యూ-కోడెల్ దానికి ఒక్కో కనెక్షనుకు ఒక్కో వరుసను జోడించింది. ఈ వరుసలను బైట్ల లెక్కన వంతులు తిప్పే ఉపాయం శ్రీధర్, జార్జ్ వర్గీస్ 1995లో ఇచ్చిన డెఫిసిట్ రౌండ్ రాబిన్ నుంచి వచ్చింది. కేక్ ఆ తరువాతిది, లైనక్స్ 4.19తో 2018లో ఆ వ్యవస్థ మూలభాగమైన కెర్నెల్‌లో చేరింది. కంప్యూటర్లవారీగా పంచగలిగేది కేక్ కాబట్టి దాన్నే తీసుకున్నాము.

అప్‌లోడుకు 9.2, డౌన్‌లోడుకు 45 మెగాబిట్లు రాశాము. ఒక్కో ప్యాకెట్‌కు లైను మీద అదనంగా పడే బరువు కింద 44 బైట్లు వేశాము. ఇది చిన్న సంగతిలా కనిపించినా 100 బైట్ల గొంతు ప్యాకెట్ల విషయంలో నూటికి 44 వంతుల తేడా తెస్తుంది. లెక్కలో చేర్చకపోతే చిన్న ప్యాకెట్లు ఎక్కువైన వేళ వరుస మళ్లీ మోడెమ్‌లోకి జారుకుంటుంది. ఫ్లో ఆఫ్‌లోడింగ్ అనే టిక్కు తీసేశాము, అది ఉంటే ప్యాకెట్లు కేక్‌ను తప్పించుకుని అడ్డదారిన పోగలవు.

మళ్లీ అదే పరీక్ష. ఖాళీ లైను మీద 7. పెద్ద ఫోల్డరు అప్‌లోడుకు పెట్టాక 9, 12, 11, 14, 10. తెర ముందు కూర్చున్న తమ్ముడు అప్‌లోడు ఆగిపోయిందేమోనని వెళ్లి చూసి వచ్చాడు. ఆగలేదు, సెకనుకు 9 మెగాబిట్ల చొప్పున నడుస్తూనే ఉంది.

డౌన్‌లోడు సంగతి కొంత వేరు. ఆ వైపు వరుస ప్రొవైడరు వారి పరికరంలో ఉంటుంది, మన చేతికి అందదు. మనం చేయగలిగింది ఒకటే. మన గుమ్మం దగ్గర 45 దాటగానే ఒకటి రెండు ప్యాకెట్లు పారేస్తే, దూరాన పంపుతున్న సర్వరు వేగం తగ్గించుకుంటుంది, అక్కడ వరుస పేరుకోకుండా ఆగుతుంది. అందుకే డౌన్‌లోడులో మిగుల్చుకునే ఖాళీ కొంచెం ఎక్కువ ఉండాలి. సంకేతాన్ని లెక్కచేయకుండా పంపే సర్వరు ఉంటే దాన్ని ఈ పద్ధతి ఆపలేదు. మన పనుల్లో అలాంటిది ఎదురుకాలేదు.

జూలై రెండో వారం

జాప్యం తీరింది గాని పంపకం ఇంకా కుదరలేదు. ప్రూఫుల కోసం తయారుచేసిన చిన్న బొమ్మలను స్కానింగు కంప్యూటరు నుంచి పంపే ప్రోగ్రాం ఒకేసారి 16 కనెక్షన్లు తెరుస్తుంది. పాఠం కంప్యూటరుది ఒక్కటే కనెక్షను. కనెక్షన్లవారీగా సమానంగా పంచితే పాఠానికి 9.2లో పదిహేడో వంతు, అంటే అర మెగాబిట్ కాస్త పైన మాత్రమే దక్కుతుంది. గొంతుకు అది చాలు, పైగా తక్కువ పంపే కనెక్షన్ల ప్యాకెట్లను ఈ పద్ధతులు ముందుగా పంపిస్తాయి కాబట్టి గొంతు స్పష్టంగానే ఉంది. కాని బొమ్మకు చాలదు. టీచరమ్మగారు పలక మీద "క్ష" రాసి చూపిస్తుంటే పిల్లలకు సగం అక్షరమే కనిపించి ఆగిపోతోంది. అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలన్నదే పాఠం అయినప్పుడు, ఇది చిన్న లోటు కాదు.

మన ఊళ్లో ఎండాకాలం నీళ్ల లారీ వీధిలో ఆగినప్పుడు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: బిందెకో వంతు అంటే పదహారు బిందెలు తెచ్చినవారికి పదహారు వంతులు, ఒక్క బిందె తెచ్చినవారికి ఒక్కటి, ఇంటికో వంతు అంటేనే అందరికీ సమానం. కేక్‌లో ఈ ఇంటికో వంతు పద్ధతి ఉంది. అప్‌లోడు వైపు పంపేవారి చిరునామా చూసి, డౌన్‌లోడు వైపు అందుకునేవారి చిరునామా చూసి, ముందు కంప్యూటర్ల మధ్య పంచి, ఆ తరువాత ఒక్కో కంప్యూటరు లోపల కనెక్షన్ల మధ్య పంచుతుంది. అప్‌లోడుకు డ్యుయల్-ఎస్‌ఆర్‌సి‌హోస్ట్, డౌన్‌లోడుకు డ్యుయల్-డిఎస్‌టి‌హోస్ట్ అన్నవి ఆ మాటలు.

ఈ రెండు మాటలు రాస్తే సరిపోదు, నాట్ అన్న మూడో మాట కూడా రాయాలి. బయటికి పోయే ప్యాకెట్ కేక్ దగ్గరకు వచ్చేసరికే రౌటరు దాని మీది లోపలి చిరునామాను తీసేసి తన చిరునామా వేసి ఉంటుంది. కేక్ కంటికి ఎనిమిది కంప్యూటర్లూ ఒకే కంప్యూటరులా కనిపిస్తాయి, ఇంటికో వంతు పద్ధతి రాసి ఉన్నా పనిచేయదు, ఏ పొరపాటు సందేశమూ రాదు. నాట్ అని రాస్తే రౌటరు దాచుకున్న కనెక్షన్ల పట్టిక చూసి అసలు చిరునామా తెలుసుకుంటుంది. ఈ పని చేయబోయేవారు ఎవరైనా ఈ ఒక్క మాట మరవవద్దని ప్రత్యేకంగా రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఇది లేకపోయినా జాప్యం పరీక్షలో ఫలితం బాగానే వస్తుంది, పంపకం పరీక్ష పెడితేనే లోటు తెలుస్తుంది. మేం రెండు కంప్యూటర్ల మీద ఐపర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రాం నడిపి చూశాము. ఒకదాని మీద 16 కనెక్షన్లు, ఇంకోదాని మీద ఒకటి. నాట్ లేనప్పుడు ఒక్క కనెక్షనుది అర మెగాబిట్, ఉన్నప్పుడు నాలుగున్నర.

ఆ సాయంత్రం అప్‌లోడు ఆపకుండానే పాఠం జరిగింది. టీచరమ్మగారు తలుపు దగ్గరకు వచ్చి, "ఇవాళ స్కానింగు సెలవా?" అని అడిగారు. కాదని చెప్పి, నడుస్తున్న అప్‌లోడు చూపించాము.

జూలై మూడో వారం

ఫైళ్లు దాచే కంప్యూటరు నుంచి టిఫ్ మూలప్రతులు ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రాం ద్వారా, ఎస్‌ఎస్‌హెచ్ అనే గుప్తమైన కనెక్షను మీద, బయటి సర్వరుకు పోతాయి. ఇవి ఈ గంటే చేరాలన్న తొందర లేనివి. పాఠం సమయంలో వీటికి సమాన వంతు కూడా అక్కరలేదు, మిగిలినది చాలు. కేక్‌ను నాలుగు తరగతుల పద్ధతిలో పెట్టి, ఈ ప్యాకెట్ల మీద తక్కువ ప్రాధాన్యపు ముద్ర వేసే నియమం రాద్దామనుకుని ముందు గణాంకాలు తెరిచి చూస్తే, బల్క్ అనే అడుగు తరగతిలో అప్పటికే ప్యాకెట్లు లక్షల్లో నమోదై ఉన్నాయి. కారణం వెతికితే, ఎస్‌ఎస్‌హెచ్ నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం 2018 నాటి 7.8 సంచికలో మనిషి టైపు చేసే సెషన్లకు ఒక ముద్ర, ఇలాంటి ఫైళ్ల రవాణాకు సిఎస్1 అనే తక్కువ ముద్ర డిఫాల్టుగా పెట్టడం మొదలుపెట్టింది. మా కంప్యూటరులో ఉన్న సంచిక దాన్నే పాటిస్తోంది. కేక్ ఆ ముద్రను గుర్తించి అడుగున పెడుతోంది. నియమం రాసే పని తప్పింది. అయితే సంచికలు మారినప్పుడు డిఫాల్టులు కూడా మారవచ్చు కాబట్టి, ఆ కంప్యూటరు ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో సిఎస్1 అని స్పష్టంగా రాసి ఉంచాము.

"మరి పోటీ ఉన్నంతసేపూ మా పుస్తకాలు కదలవా అన్నా?" అని స్కానింగు తమ్ముడు అడిగాడు. కదులుతాయి. పై తరగతులు ఎంత ఒత్తిడి చేసినా అడుగు తరగతికి పదహారో వంతు మిగులుతుంది. పాఠం ముగిసి లైను ఖాళీ కాగానే మొత్తం దానిదే. ఇందులో నాకు నచ్చినది, వేళలు పెట్టి ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం అనే బాధ్యత ఎవరి మీదా లేకపోవడం. ఆర్‌సింక్‌కే బ్యాండ్‌విడ్త్ హద్దు పెట్టే వీలున్నా అది ఖాళీ వేళ కూడా అదే హద్దు పాటిస్తుంది. కోసిచ్చిన వాటా పద్ధతికున్న లోపమే దానికీ ఉంది.

జూలై చివర

రాత్రి ఏడు నుంచి పదిన్నర వరకు జాప్యం మళ్లీ తలెత్తింది, ఈసారి డౌన్‌లోడు వైపు. కొలిస్తే ఆ వేళల్లో లైనుకు 50 రావడం లేదు, 38, 40 మధ్య వస్తోంది. మనం రాసిన 45 కన్నా లైనే ఇరుకైపోతే వరుస మళ్లీ వారి పరికరంలోకి వెళ్లిపోతుంది. ప్రొవైడరు వారికి చెప్పాము, సాయంత్రం వాడకం ఎక్కువన్నారు. జాప్యాన్ని గమనిస్తూ హద్దును తనంతట తానే పెంచి తగ్గించే కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్టు ఉంది, క్షణక్షణం మారే 4జి లైన్లకు అది చక్కటిది. మనకు మార్పు రోజూ ఒకే వేళల్లో వస్తోంది కాబట్టి, ఏడింటికి 34కు దించి పదిన్నరకు 45కు ఎత్తే రెండు క్రాన్ వరుసలతో (చెప్పిన వేళకు చెప్పిన పని చేయించే పట్టికలోని పంక్తులతో) సరిపెట్టాము. నేను లేనప్పుడు దీన్ని చూడవలసిన వారికి రెండు వరుసలు చదవడం సులువు.

వైఫై గురించి క్లుప్తంగా. ఇరుగుపొరుగు ఇళ్ల వైఫైలు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో, ఒకదానిపై ఒకటి పడని 1, 6, 11 అనే మూడు చానళ్లలోనే కిక్కిరిసి ఉన్నాయి. లైనులో జాప్యం తీసేశాక మిగిలిన తడబాటు అంతా గాలిలోనిదే. ఎనిమిది కంప్యూటర్లకూ క్యాట్ 6 కేబుళ్లు లాగి గిగాబిట్ స్విచ్‌కు కలిపాము. వైఫై ఇప్పుడు ఫోన్లకు మాత్రమే, 5 గిగాహెర్ట్జ్ మీద. ఫోన్లకున్న పాత వైఫై పెట్టెను మామూలుగా అయితే యాక్సెస్ పాయింటుగా (ఫోన్ల చిరునామాలు మార్చకుండా దాటించే పెట్టెగా) మార్చాలి. దాన్ని కావాలనే రౌటరుగానే వదిలేశాము. అది తన వెనకున్న ఫోన్లన్నిటినీ ఒకే చిరునామాగా చూపిస్తుంది కనుక, వచ్చిపోయేవారి ఫోన్లు పది ఉన్నా అన్నిటికీ కలిపి ఒక్క కంప్యూటరు వంతే దక్కుతుంది. ఐపివి6 అనే కొత్త చిరునామాల పద్ధతి వచ్చిన రోజున ఈ ఏర్పాటును మళ్లీ చూడాలి, అందులో ఒక్క కంప్యూటరుకే నాలుగైదు చిరునామాలు ఉండవచ్చు.

అప్‌డేట్ల విషయం కూడా ఇక్కడే ముగించాము. ఇదివరకు నెట్ సెంటర్లలో స్క్విడ్ అనే ప్రోగ్రాం పెట్టి, ఒకరు తెరిచిన పేజీని దాచి ఇంకొకరికి ఇచ్చేవారు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ సరుకును గుప్తంగా పంపే హెచ్‌టిటిపిఎస్ మీదే ఉండటంతో మధ్యలో ఉన్న పెట్టెకు లోపలి సరుకు కనబడదు, ఆ దారి మూసుకుపోయింది. విండోస్ కంప్యూటర్లలో డెలివరీ ఆప్టిమైజేషన్‌ను ఈ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకే పరిమితం చేశాము. ఒకటి తెచ్చుకున్న అప్‌డేట్‌ను మిగతావి దాని నుంచే తీసుకుంటాయి, బయటివారికి మాత్రం మన అప్‌లోడు ఖర్చు కాదు. ఉబుంటు ఉన్న రెండింటికి ఆప్ట్-క్యాషర్-ఎన్‌జి పెట్టాము, ఆ ప్యాకేజీలు సంతకాలతో సాదా హెచ్‌టిటిపి మీద వస్తాయి కాబట్టి దాచుకోవడం కుదురుతుంది.

ఆగస్టు మొదటి వారం

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో చూడటం మిగిలింది. మోడెమ్, రౌటరు, స్విచ్ మూడూ ఒక చిన్న యుపిఎస్ మీద ఉన్నాయి. యుపిఎస్ కూడా చేతులెత్తేసే సందర్భాన్ని చూడాలని, మూడింటినీ ఆపి కలిపి వెలిగించాము. రౌటరు ముందు లేచింది, మోడెమ్ ఇంకా లేవలేదు, పిపిపిఒఇ లాగిన్ కొన్నిసార్లు విఫలమై తరువాత నిలబడింది. ఎస్‌క్యూఎమ్‌ను తగిలించవలసింది కేబులు గుచ్చే పోర్టుకు కాదు, లాగిన్ అయ్యాక పుట్టే పిపిపిఒఇ ఇంటర్‌ఫేసుకు. అలా తగిలిస్తే అది పుట్టిన ప్రతిసారీ కేక్ దానంతట అదే వచ్చి కూర్చుంటోంది. గణాంకాలు తెరిచి అప్‌లోడు, డౌన్‌లోడు రెండు వైపులా కేక్ ఉందని నిర్ధారించుకున్నాము. రాత్రి వేళ కరెంటు పోతే పగటి 45తో లేస్తుంది కనుక, రౌటరు లేవగానే గడియారం చూసి సరైన అంకె పెట్టే ఆదేశం ఒకటి చేర్చాము.

మాస్టారికి పెద్ద ప్లాను అవసరం ప్రస్తుతం లేదని చెప్పాను. పుస్తకాల సంఖ్య పెరిగి, టిఫ్‌లు రాత్రికి రాత్రి వెళ్లిపోలేని స్థితి వస్తే అప్పుడు అప్‌లోడు ఎక్కువిచ్చే ప్లాను తీసుకోవాలి. డౌన్‌లోడు 100 అని పెద్ద అక్షరాల్లో రాసి అప్‌లోడును 10 దగ్గరే ఉంచే ప్లాను మనకు పనికిరాదు. ఏది తీసుకున్నా కేక్ అలాగే ఉండాలి, పెద్ద లైనును కూడా ఒక్క ఆర్‌సింక్ నింపేయగలదు.

స్విచ్ పక్క గోడకు ఒక కాగితం అంటించాము. అందులో ఏ పోర్టు ఏ కంప్యూటరుదో, కేక్‌కు రాసిన మాటలేవో, క్రాన్ వరుసలు ఎక్కడున్నాయో ఉన్నాయి. ప్లాను మారితే కొత్త వేగాన్ని ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కొలవాలి. అప్‌లోడుకు అందులో 92 శాతం, డౌన్‌లోడుకు 90 శాతం రాయాలి, రాత్రి అంకె వేరుగా వస్తే క్రాన్‌లో దాన్ని మార్చాలి. ఆ తరువాత పెద్ద ఫోల్డరు అప్‌లోడుకు పెట్టి పింగ్ చూడాలి. 20 మిల్లీసెకన్లు దాటుతూ ఉంటే, దాటడం మానేవరకు ఆ అంకెను 5 శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలి.